స్విఫ్ట్ స్ప్రింగులు కోసేయమంటున్నారు, కోయొచ్చా అన్నా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ప్రొద్దుటూరు, నాకు 24 ఏళ్లు. ఇంట్లో 2009 మోడల్ స్విఫ్ట్ పెట్రోలు బండి ఉంది, ఆర్‌సీ నాయన పేరు మీద. ఆయన వేరే కారు కొనుక్కుని ఇది నాకు వదిలేసినారు. మలుపుల్లో బాగా ఊగుతోంది, 80 దాటితే స్టీరింగ్ తేలిపోయినట్టు ఉంటుంది. ముందూ వెనకా స్ప్రింగులు రెండేసి చుట్లు కోసేస్తే బండి దిగి రోడ్డుకు అతుక్కుంటుందని ఫ్రెండ్స్ అంటున్నారు. వెనక సీటు, స్టెప్నీ, ఏసీ, డోరు ప్యాడ్లు, ఫ్లోర్ మీద అతికించిన తారు షీట్లు పీకేస్తే 100 కిలోలు తగ్గి పికప్ వస్తుందంట. 16 ఇంచుల రిమ్ములు కూడా వేద్దామని ఉంది. గ్రైండరు ఉంది, జాకీ ఉంది, ఇంటి ముందర కడప బండలు పరిచిన జాగా ఉంది. ఆదివారం మొదలుపెడదామనుకుంటున్నా. ఇదంతా ఇంట్లో చేసుకోవచ్చా? నాయనకు ముందే చెప్పాలా, అయినాక చెప్తే చాలా?

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ గ్రైండరు తీసి అటక మీద పెట్టు, తర్వాత మాట్లాడుకుందాం. బండిని తేలిక చేసుకోవాలి, మలుపులో గట్టిగా నిలబడాలి అనుకోవడంలో తప్పేం లేదు, ఆ ఇష్టం ఉన్నవాళ్లకే బండి గురించి నాలుగు విషయాలు తెలుస్తాయి. కానీ నువ్వు రాసిన జబ్బులు రెండూ, మలుపులో ఊగడం, స్పీడులో తేలడం, ఎత్తు వల్ల వచ్చినవి కావు. అదే స్విఫ్ట్ కొత్తలో అదే ఎత్తులో ఉండి ఊగలేదు కదా, మలుపుల్లో చురుగ్గా తిరుగుతుందనే కదా జనం దాన్ని ఎగబడి కొన్నది. పదిహేనేళ్లు దాటిన బండిలో రబ్బరు చచ్చిపోయి ఉంటుంది, షాకబ్జర్లలో నూనె చచ్చిపోయి ఉంటుంది, బహుశా టైర్లు కూడా. వాటిని అట్లే పెట్టుకుని స్ప్రింగు కోస్తే ఊగే బండి కాస్తా ఊగుతూ ఎగిరే బండి అవుతుంది.

ఎందుకో చెప్తా. స్ప్రింగు అంటే చుట్టిన ఒక పొడుగాటి కడ్డీ, అంతే. నొక్కినప్పుడు ఆ కడ్డీ మెలితిరుగుతుంది. కడ్డీ ఎంత పొడుగుంటే అంత సులువుగా మెలితిరుగుతుంది, పొట్టిదైతే మొండికేస్తుంది. అంటే చుట్లు తగ్గితే స్ప్రింగు పొట్టిదవడమే కాదు, గట్టిపడుతుంది కూడా. మాట వరసకి నీ స్ప్రింగులో పనిచేసే చుట్లు ఐదు అనుకో, ఒకటి కోస్తే నాలుగోవంతు గట్టిపడుతుంది, రెండు కోస్తే దాదాపు మూడింట రెండు వంతులు గట్టిపడుతుంది. ఆ గట్టి స్ప్రింగు నొక్కుకుని తిరిగి లేచేటప్పుడు దాన్ని పట్టి ఆపాల్సింది షాకబ్జరు. కంపెనీ షాకబ్జరు మెత్తటి స్ప్రింగు కోసం కొలిచి చేసింది, పైగా నీది పాతది. అది ఆపలేదు. చక్రం గుంతలో పడి లేచాక ఒకసారి కాదు, రెండు మూడుసార్లు ఎగురుతుంది, ఎగిరినప్పుడు టైరుకు రోడ్డుకు మధ్య గాలి తప్ప ఇంకేం ఉండదు. మీ ఫ్రెండ్స్ చెప్పే ‘అతుక్కోవడం’ జరిగేది ఇట్లా.

ఇంకోటి, ఇది చాలామంది ఆలోచించరు. స్ప్రింగు చివర కంపెనీ ఇష్టమొచ్చినట్టు వదిలేయదు. కింద కూర్చునే గిన్నెలో సరిగ్గా ఆనేలా చివరి చుట్టును మలిచి పెడుతుంది. నువ్వు కోసినచోట ఆ మలుపు పోయి, కడ్డీ మొన ఒక్క బిందువు మీద ఆనుతుంది. బరువంతా ఆ బిందువు మీదే. ఇంక చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు, అంటే పెద్ద స్పీడ్ బ్రేకరు దాటినప్పుడో, జాకీ ఎత్తినప్పుడో, పొట్టి స్ప్రింగు పైనా కిందా పట్టు వదిలి గిన్నెలో గలగలలాడుతుంది, తిరిగి కూర్చునేటప్పుడు వంకరగా కూర్చోవచ్చు. నీ బండిలో వెనక స్ప్రింగు, షాకబ్జరు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి వెనక ఆ స్ప్రింగు జారి పక్కకొచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. గ్రైండరుతో కాకుండా గ్యాస్ కటింగుతో కోయించినా, లేదా మంట పెట్టి కూర్చోబెట్టించినా ఇంకా ఘోరం, ఎందుకంటే ఆ ఉక్కుకు పదును పెట్టి ఉంటారు, ఎర్రగా కాలితే ఆ పదును పోతుంది, తర్వాత ఒక రోజు రోడ్డు మీద విరుగుతుంది.

ఇక్కడ అనంతపురంలో నాకు తెలిసిన ఒక షెడ్డుకు ఇట్లా స్ప్రింగులు కోసిన బండే ఒకటి వచ్చింది. యజమాని కంప్లైంటు ‘వెనక నుంచి ఏదో గీకుతోంది’ అని. బండి కిందికి దూరి చూస్తే వెనక చక్రం పైన రేకుకు పెట్టిన ప్లాస్టిక్ లైనింగు టైరు ఒరుసుకుని అద్దం మాదిరి నున్నగా అయి, నడిమధ్య చిల్లు పడి ఉంది. షాకబ్జరు ఒంటి మీద నూనె కారి, దాని మీద మన ఎర్రమట్టి పట్టి గట్టి పెచ్చు కట్టింది. మెకానిక్కు స్క్రూడ్రైవరుతో ఆ పెచ్చును లాగితే ఊడి చేతిలోకొచ్చింది. బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది, షాకబ్జరు చివరికంటా నొక్కుకున్నప్పుడు దెబ్బ కాచేది. అది పిండి పిండి అయి ఉంది. అంటే ఆ బండి స్ప్రింగు మీద కాదు, ఆ రబ్బరు మీద తిరిగింది ఇన్నాళ్లూ. ఆ అబ్బాయి చివరికి నాలుగు స్ప్రింగులూ, నాలుగు షాకబ్జర్లూ కొత్తవి వేయించుకున్నాడు. మొదటే ఆ డబ్బు పెట్టి ఉంటే మంచివే వచ్చేవి.

మన రోడ్ల లెక్క కూడా చూసుకో. నీ స్విఫ్ట్‌కు కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్సు, అంటే నేలకు బండి అడుగుకు మధ్య ఎత్తు, 170 మిల్లీమీటర్లు. అది ఖాళీ బండి లెక్క అనుకో, నలుగురు ఎక్కితే మాట వరసకి 40 దిగుతుంది, మిగిలింది 130. రెండు చుట్లు కోస్తే తక్కువలో తక్కువ ఇంకో 50 పోతుంది, అంటే 80. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతి ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంత వెడల్పుగా ఉంటే ఎత్తు తెలియకుండా బండి ఎక్కి దిగుతుంది. మన ఊర్లలో ఎవరి ఇంటి ముందర వాళ్లు సిమెంటు కుప్ప పోసి గట్టు కడతారు, దానికి వెడల్పు ఉండదు, ఎత్తు మాత్రం ఎంత కావాలంటే అంత. ముందు చక్రాలు దాటి వెనకవి ఇంకా ఎక్కకముందు ఆ గట్టు నీ బండి నడుము కిందికి వస్తుంది, అక్కడ సైలెన్సర్ పైపు ఉంటుంది. జమ్మలమడుగు, తాడిపత్రి మీదుగా ఇటు వస్తావు కదా, బండల లారీలు తిరిగి తిరిగి చక్రాల జాడల్లో రోడ్డు కుంగి నడుమ ఉబ్బిన చోట్లు కూడా నీకే బాగా తెలుసు.

ఇంకా ఒక్క సాంకేతిక విషయం చెప్పి ఈ కోత గోల వదిలేస్తా. నీ బండి ముందు భాగంలో లోయర్ ఆర్మ్ అని ఒకటి చక్రాన్ని కింద పట్టుకుని ఉంటుంది. బండి మరీ దిగితే ఆ ఆర్మ్ చక్రం వైపు చివర పైకి లేచి ఏటవాలుగా నిలుస్తుంది. అప్పుడేమవుతుందంటే, బండి బరువు కేంద్రం 50 మిల్లీమీటర్లు దిగితే, మలుపులో బండి ఏ బిందువు చుట్టూ పక్కకు వాలుతుందో ఆ బిందువు అంతకంటే ఎక్కువ దిగిపోతుంది. బండిని వాల్చేది ఆ రెండింటి మధ్య దూరమే. అంటే దించినందుకు వాలడం తగ్గకపోగా వాల్చే బలం పెరుగుతుంది, స్ప్రింగు గట్టిదై దాన్ని కప్పిపుచ్చుతుంది అంతే. దీనికితోడు చక్రాల కోణాలు మారి టైరు లోపలి అంచు కొన్ని వేల కిలోమీటర్లకే దారాలు కనిపించేదాకా అరుగుతుంది, బయట నుంచి చూస్తే టైరు బాగానే ఉన్నట్టుంటుంది. అదీ అసలు భయం.

సరే, మరి ఏం చేయాలి. ఆదివారం నీకు పని కావాలి కాబట్టి పని చెప్తా, పైసా ఖర్చు లేని పని. టైర్ల పక్క గోడ మీద నాలుగు అంకెలు ఒక గుడ్డు ఆకారపు గీతలో ఉంటాయి, 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైనదని. నువ్వు చూస్తే అంతకంటే పాతవే ఉంటాయేమో, అరుగుదల బాగున్నా సరే, రబ్బరు గట్టిపడి ఉంటే నీ ‘తేలిపోవడం’లో సగం అక్కడే ఉంది. తర్వాత గాలి. డ్రైవరు డోరు తీస్తే స్టిక్కరు మీద ఎంత పెట్టాలో రాసి ఉంటుంది, అంతే పెట్టు, బంకులో కుర్రాడు అలవాటుగా కొట్టే అంకె కాదు, అదీ పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు. టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ నిమిరి చూడు, ఎత్తుపల్లాలుగా, అలలుగా తగిలితే షాకబ్జరు పోయినట్టే, ఎవర్నీ అడగక్కర్లేదు. బండి ఆపి స్టీరింగు ఇటు చివరికి అటు చివరికి తిప్పినప్పుడు బానెట్ కింద టక్కుమని శబ్దం వస్తే అది స్ట్రట్ (ముందు స్ప్రింగు, షాకబ్జరు కలిసి ఉండే నిలువు భాగం) పైన ఉండే మౌంటింగు. నిదానంగా పోతుంటే గతుకుల్లో చిన్నగా టకటక అంటుంటే లింక్ రాడ్డు, అంటే బండి పక్కకు వాలకుండా ఆపే యాంటీ రోల్ బార్‌ కడ్డీకి తగిలించిన చిన్న రాడ్డు. బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకు జరిగినట్టు, ముందుకు కుదిపి వెనక్కి వచ్చినట్టు అనిపిస్తే లోయర్ ఆర్మ్ బుష్‌లు, అంటే ఆ ఆర్మ్‌ను పట్టుకునే రబ్బర్లు. వీటిని ఏ మంచి మెకానిక్కయినా ఒక కడ్డీ పెట్టి ఎత్తి ఐదు నిమిషాల్లో చూపిస్తాడు. చూపించకుండా ‘అన్నీ పోయినాయి, మొత్తం మార్చాల’ అనేవాడి దగ్గర మాత్రం నిలబడొద్దు.

డబ్బు పెట్టే వరుస నా లెక్కలో ఇది. టైర్లు పాతవైతే మొదట టైర్లు. తర్వాత నాలుగు షాకబ్జర్లు, వాటితోపాటే పై మౌంటింగులు, బంప్ స్టాపులు, ఎందుకంటే స్ట్రట్ ఒకసారి దింపినాక అవి మార్చకుండా ఎక్కించడం కూలి దండగ. తర్వాత లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, యాంటీ రోల్ బార్‌ను పట్టుకునే చిన్న రబ్బర్లు. ఆఖరున అలైన్‌మెంటు. ఇవన్నీ అయ్యాక బండి తోలి చూడు. పదిమందిలో తొమ్మిదిమందికి దించాలన్న ఆలోచన అక్కడే పోతుంది. నీది మిగిలిందే అనుకో, అప్పుడు నీ బండి కోసమే చేసిన లోయరింగ్ స్ప్రింగులు దొరుకుతాయి, 25 నుంచి 30 మిల్లీమీటర్లు దించేవి, అంతకు మించి వద్దు, వాటికి సరిపోయే షాకబ్జర్లతో కలిపి సెట్టుగా తీసుకో. పెట్రోలు బండికి పెట్రోలువే అడుగు. డీజిల్ స్విఫ్ట్ ముందు భాగం బరువెక్కువ, దాని స్ప్రింగు వేరు, అది తెచ్చి దీనికేస్తే ముక్కు పైకెత్తుకుని నిలబడుతుంది. దించేముందు నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడిమధ్య నుంచి పైన రేకు అంచు వరకు టేపుతో కొలిచి రాసిపెట్టుకో. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి బట్టి లెక్క మారిపోతుంది, చక్రం మధ్య నుంచి అయితే మారదు. ఒక పక్క మరో పక్కకంటే బాగా తేడా ఉంటే ఒక స్ప్రింగు ముందే కూలబడినట్టు. ఇంకోటి, బండి ఎత్తు మారితే హెడ్‌లైట్ల చూపు కూడా మారుతుంది, అది కూడా సరిచేయించు.

ఇంట్లో చేసుకోవచ్చా అన్నావు. బుష్‌లు, లింక్ రాడ్లు, వెనక షాకబ్జర్లు చేసుకోవచ్చు, పానాలు పట్టడం అలవాటుంటే. ముందు స్ట్రట్ విడదీయడం మాత్రం షెడ్డుకు వదిలేయ్. అది విప్పాలంటే స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కి పట్టాలి, అద్దెకు దొరికే వాటిల్లో మరలు అరిగిపోయినవే ఎక్కువ, అది జారితే ఎదురుగా ఉన్న మొహానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. స్ట్రట్ నడిమధ్య ఉండే పెద్ద నట్టును స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కి పట్టకుండా ఎప్పుడూ విప్పొద్దు, ఎంత తొందరున్నా.

నీ కడప బండల సంగతి. చూడ్డానికి సమంగా, గట్టిగా ఉంటాయి, నిజమే, కానీ కింద మన్ను సరిగా దిమ్మిస కొట్టకుండా పరిచి ఉంటే బండ కింద డొల్ల ఉంటుంది. జాకీ బరువంతా ఒక్కచోట పడితే చప్పుడు కూడా లేకుండా అడ్డంగా పగులుతుంది, జాకీ వంగుతుంది. నాణెంతో తట్టి చూడు, డొల్ల శబ్దం వచ్చే బండ మీద పెట్టొద్దు. జాకీ కిందా, స్టాండ్ల కిందా మందపాటి చెక్క పలక వెయ్. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు, కాబట్టి రెండు స్టాండ్లు కొనుక్కో, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టు, తీసిన చక్రాన్ని బండి కిందికి తోసిపెట్టు. ఒంటరిగా చేయకు. ఇంకో చిన్న కిటుకు, దీన్ని షెడ్లలో కూడా చాలామంది పట్టించుకోరు: బుష్ మధ్యలోంచి పోయే బోల్టులను చక్రం గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించొద్దు. వదులుగా పెట్టి, బండిని నేల మీదికి దించి, రెండుసార్లు కుదిపి, అప్పుడు బిగించు. లేకపోతే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే బిగుసుకుపోయి, బండి దించిన రోజు నుంచే చిరగడం మొదలవుతుంది. కొత్త బుష్‌లు ఆరు నెలలకే పోయినాయని తిట్టుకునేవాళ్లలో చాలామంది కథ ఇదే.

ఇంక బరువు. ఇక్కడ నాకు నీ ఫ్రెండ్స్ మీద కొంచెం కోపం కూడా ఉంది. 100 కిలోలు తగ్గుతుందన్నారు సరే, ఇప్పుడు ఎంతుందో ఎవరైనా తూచారా? మీ ప్రొద్దుటూరులో బంగారం మిల్లీగ్రాముల్లో తూస్తారు, కారును మాత్రం నోటితో తూస్తున్నారు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీలు తిరిగే దారిలో వేబ్రిడ్జి దొరకడం కష్టమా? మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు పోయి కాటా మీద బండి మొత్తం ఎక్కించి ఒక చీటీ తీసుకో. తర్వాత ముందు చక్రాలు మాత్రం పలక మీద ఉండేలా ఆపి ఒకటి, వెనక చక్రాలు మాత్రం ఉండేలా ఇంకోటి. మూడు చీటీలు చేతిలో ఉంటే అప్పుడు మాట్లాడు. లారీ కాటాలు 5 కిలోలో 10 కిలోలో ఒక అంచెగా చూపిస్తాయి, కాబట్టి సీటు కవరు తీసి మళ్లీ తూచి తేడా వెతక్కు.

ఆ చీటీల్లో నీకు కనిపించేది ఏంటంటే, ముందు ఇరుసు మీద ఉన్న బరువు వెనకదానికంటే బాగా ఎక్కువ. ఇంజను, గేరుబాక్సు అన్నీ ముందే ఉన్నాయి మరి. ఇప్పుడు నీ ఫ్రెండ్స్ లిస్టు చూడు, వెనక సీటు, స్టెప్నీ, ఏసీ తప్పిస్తే బరువైనవి వెనక నుంచే తీస్తున్నారు. ముందు భారం అట్లే ఉండి తోక తేలికైతే, గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు వెనక చక్రాలు తొందరగా లాకై జారతాయి, తడి రోడ్డులో అయితే బండి వెనక భాగం నిన్ను దాటిపోవాలని చూస్తుంది. ఏబీఎస్, అంటే బ్రేకు కొడితే చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు, లేని మోడలైతే మరీ. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్‌లో దిగేటప్పుడు ఆ ప్రయోగం చేయకు.

స్టెప్నీ తీయొద్దు, రాత్రిపూట అదే ఘాట్‌లో పంక్చరైతే నువ్వు తగ్గించిన కిలోలన్నీ భుజాన వేసుకుని నడవాలి. ఏసీ గురించి మాట్లాడేదేముంది, ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు కిటికీలు దించుకుని తోలితే గాలికి బండి ఇంకా ఈడ్చుకుపోతుంది, పైగా దాన్ని విప్పాలంటే గ్యాసు గాల్లోకి వదిలేస్తారు, అది చేయకూడని పని. డోరు ప్యాడ్ల వెనక ఒక పలచటి ప్లాస్టిక్ షీటు అతికించి ఉంటుంది, దాన్ని చింపితే వాన నీళ్లు లోపలికి వస్తాయి. డోరు లోపల అడ్డంగా ఉండే ఉక్కు కడ్డీ, బంపర్ వెనక ఉండే కడ్డీ, సీటు బెల్టులు, వీటి వైపు చూడనే చూడొద్దు. తారు షీట్లు పీకడం గంటల కొద్దీ ఒళ్లు నొప్పి పని, తగ్గేది కొన్ని కిలోలు, తర్వాత ఫ్లోరు రేకు డప్పు మాదిరి మోగుతుంది, రంగు లేచిన చోట తుప్పు పడుతుంది.

మరి తీయాల్సింది ఏంటి? డిక్కీ తీసి చూడు. నేను చూసిన ఇంటి కార్లన్నిటి డిక్కీల్లో ఉండేవే నీ దాంట్లోనూ ఉంటాయి, సగం నిండిన నీళ్ల క్యాను, బోరు మోటారు కేబుల్ చుట్ట, పాత బ్యాటరీ, ఎప్పుడో పెళ్లికి తీసుకుపోయి దింపడం మరిచిన స్టీలు గిన్నెల సంచి, ఎవరిదో తెలియని హెల్మెట్టు. సబ్‌వూఫర్ పెట్టె ఉంటే అది, దాని ఆంప్లిఫయరు. ముందు బంపర్‌కు ఇనుప గార్డు వేయించి ఉంటే మొదట ఊడపీకాల్సింది అదే, ముక్కు చివర వేలాడే బరువు మలుపుకు అన్నిటికంటే చెడ్డది, పైగా 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ ఆ గార్డుల మీద చర్యలు తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. సీటు కవర్ల మీద కవర్లు, మ్యాట్ల కింద మ్యాట్లు. ఇంక పెట్రోలు. లీటరు పెట్రోలు ముప్పావు కిలో దాకా తూగుతుంది, నీ ట్యాంకు 43 లీటర్లు, నిండితే 30 కిలోల పైన. ఊర్లో తిరగడానికి సగం ట్యాంకు చాలు, అక్కడే 15 కిలోలు పోయినాయి, ఒక్క నట్టు విప్పకుండా. ఇవన్నీ కలిపి 50 కిలోలు తగ్గినా ఆశ్చర్యపోను. అయితే పికప్ విషయంలో ఆశ మరీ పెట్టుకోకు, దాదాపు 1,000 కిలోల బండిలో 50 అంటే నూటికి ఐదు, 13 సెకన్లలో 100 అందుకునే బండి అరసెకనుకు కొంచెం పైన బాగుపడుతుంది. ఆ తేడా గడియారానికి తెలుస్తుంది, నీకు తెలిసేది బ్రేకులోనూ మలుపులోనూ.

రిమ్ముల దగ్గర మాత్రం బరువు నిజంగా ముఖ్యం. స్ప్రింగు కింద ఉండే బరువు, అంటే చక్రం, టైరు, బ్రేకు, ఇవి గతుకులో పడి లేచేటప్పుడు షాకబ్జరు నేరుగా అదుపు చేయాల్సిన బరువు, చక్రమైతే తిరగాలి కూడా. చవక రకం 16 ఇంచుల అల్లాయ్‌లు చాలావరకు కంపెనీ 14 ఇంచుల ఇనుప రిమ్ము కంటే బరువుంటాయి, దానికి వేసే వెడల్పు టైరు ఇంకా బరువు. అంటే పైన 50 కిలోలు తీసి, చెడ్డ చోట పది కిలోలు కలిపినట్టు. షాపులో రిమ్ము నచ్చితే పక్కనున్న కిరాణా కాటా మీద పెట్టి చూడు, సిగ్గుపడకు. తేలికగా ఉండే 14 ఇంచులవి దొరికితే, మంచి టైరుతో, ఈ మొత్తం వ్యవహారంలో నువ్వు పెట్టే మంచి ఖర్చు అదే. టైరు పక్క గోడ ఎత్తుగా ఉంటే మన గుంతలకు రిమ్ము కూడా బతుకుతుంది.

చట్టం గురించి చిన్నగా. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. వెనక సీటు పీకేస్తే ఆర్‌సీలో ఐదు సీట్లు, బండిలో రెండు, ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? నీది 2009 బండి కాబట్టి 15 ఏళ్లు నిండి ఐదేళ్లకు రెన్యువల్ చేయించి ఉంటారు, మళ్లీ గడువు వచ్చినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. మంచి కంపెనీ లోయరింగ్ స్ప్రింగులు కూడా ఈ చట్టం బయట లేవు, వేసే ముందు ఆర్టీవో ఆఫీసులో ఒకసారి అడుగు, ఇన్సూరెన్సు వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయి. నిజంగా సీట్లు పీకిన బండి తోలాలని ఉంటే దానికి చోట్లు ఉన్నాయి, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే. అక్కడ కూడా సీటు తీస్తే సరిపోదు, రోల్ కేజ్ (బండి పల్టీ కొట్టినా లోపలి మనిషిని కాచే ఉక్కు చట్రం), సరైన బెల్టులు, లైసెన్సు అడుగుతారు, ఎందుకడుగుతారో ఒకసారి చూసొస్తే నీకే తెలుస్తుంది.

చివరికి నాయన సంగతి. ముందే చెప్పాలి, ఇందులో రెండో ఆలోచన లేదు. భయభక్తులని కాదు, ఆ 182ఏలో శిక్ష రాసింది బండి యజమానికి, తోలేవాడికి కాదు. ఆర్‌సీ ఆయన పేరు మీద ఉంది, నువ్వు కోసిన స్ప్రింగుకు చలానా ఆయన పేరు మీద వస్తుంది, ఇన్సూరెన్సు క్లెయిము కొట్టేసినా నష్టం ఆయనదే. లోయరింగు, రిమ్ములు అని మొదలుపెట్టకుండా, షాకబ్జర్లు కారుతున్నాయి, బుష్‌లు పోయినాయి, టైర్లు ఏ సంవత్సరానివో చూడు నాయనా అని బండి దగ్గరికి పిలుచుకుపోయి చూపించు. ఏళ్ల తరబడి ఆ బండి తోలిన మనిషి, ఎప్పటి నుంచి ఊగుతోందో ఆయనకే బాగా తెలిసి ఉంటుంది, ఖర్చులో సగం ఆయనే పెట్టుకున్నా పెట్టుకుంటాడు.